రెండున్నర కిలోల కాకి

పైకెత్తుకు 41 రోజులు
ఆట 210 గ్రాములు. ఎడమ చెయ్యి 12 లెక్క.

డాక్టర్ మెహరున్నీసా నన్ను రోజుకు రెండు వాక్యాలు రాయమంది. మా అప్ప, అంటే అక్క, ఎడమచేత్తో తన గుప్పిటాటను ఎంతసేపు పట్టుకుంది, ఆ రోజు ఆమె ఎలా ఉంది. అంతే. "రెండే, సన్యాసిరావుగారూ" అంటూ రెండు వేళ్ళు కూడా చూపించింది. అంటే నా వాగుడు సంగతి ఆస్పత్రి దాకా పాకిందన్నమాట.

బరువు ఆవిడ అడగలేదు. కానీ మింటిపాలెంలో పుట్టినవాడు వస్తువు పేరు రాసి పక్కన బరువు రాయకపోతే చెయ్యి దురద పెడుతుంది. ఇంటికొచ్చిన చుట్టాన్ని మంచినీళ్ళకన్నా ముందు సంచీ తూకం అడిగే ఊరు మాది. ఈ రాత కూడా పాత తూకం చీటీల వెనకవైపే సాగుతోంది. కొత్త కాగితం కొత్త బరువు కదా.

మీరు ఈ ఊరికి కొత్తగా వచ్చారు డాక్టరమ్మా, అందుకని చెబుతున్నాను. పదకొండు పెద్ద గాలిబూరల కింద తాళ్ళకు వేలాడే ఊరిది. కింద తీరం ఉండేదట, మా తాతల నాటికే సముద్రం దాన్ని తీసుకుంది. ఏటా రోహిణి ఎండలకు ముందు లంగరు తాళ్ళు వదిలి ఊరు ఊరంతా రెండు కిలోమీటర్లు పైకి లేస్తుంది, చల్లబడ్డాక దిగుతుంది. అదే పైకెత్తు. లేవడానికి ఒక పూట పడుతుంది గాని అసలు ప్రాణం మీదికి వచ్చేది మేఘాల పొర దాటే ఆరేడు నిమిషాలే. గదులన్నీ ఉయ్యాలలైపోతాయి. అప్పుడు ప్రతి మనిషీ తలమీంచి ఒళ్ళోకి వేలాడే పట్టుతాళ్ళు రెండు చేతులతో పట్టుకుని కూర్చోవాలి. బెల్టు పెట్టి కట్టేయొచ్చు కదా అని మీరు అడగవచ్చు. నా చిన్నతనంలో అలాగే కట్టేవారు. ఒక ఏడు ఒక గది తాడు తెగింది. లోపల కట్టుకున్నవాళ్ళు పక్కగదిలోకి దూకలేకపోయారు. అప్పట్నుంచీ కట్టుకున్నవాళ్ళు వద్దు, పట్టుకున్నవాళ్ళే కావాలన్నది రూలు.

రెండు చేతులూ పట్టలేనివాళ్ళని కింద సముద్రం వదిలేసిన ఇసుకదిబ్బ మీది షెడ్లలోకి దించేస్తారు, నాలుగు నెలలకి. పోయిన ఏడు పదిహేడుమంది దిగారు. పదకొండుమంది తిరిగి ఎక్కారు.

మా అప్ప పైడితల్లి నాకన్నా ఐదేళ్ళు పెద్ద. డెబ్భై ఆరు. ఈ ఊరి బూరల్లో ఆమె కుట్టు లేనిది ఒక్కటీ లేదు. ముప్ఫయ్యారేళ్ళు కుడిచేత్తో సూది, ఎడమచేత్తో గుడ్డ. మూడు నెలల కిందట ఆ ఎడమచెయ్యి పడిపోయింది. తరవాత కొంచెం లేచింది. వేళ్ళు ముడుచుకుంటాయి, కానీ ముడుచుకున్న సంగతి ఆమెకి తెలియదు. తెలియక వదిలేస్తుంది.

అందుకు మందుగా మీరిచ్చింది ఈ గుప్పిటాట. పాతకాలం వస్తువు. అరచేతిలో ఇమిడిపోతుంది. చిన్న తెర మీద ఒక కాకి, పైనుంచి గింజలు రాలుతుంటాయి. ఎడమ బొటనవేలితో కాకిని జరపాలి, కుడి బొటనవేలితో ముక్కు తెరవాలి. ఆట మెడలో తాడుకి వేలాడుతుంది కనక జారినా నేలని తాకదు. అప్ప పట్టుకోగానే నేను లెక్కపెడతాను, వదలగానే ఆపుతాను.

ఇవాళ పన్నెండు. కాకి ఆకలితో చచ్చింది.

"ఈ వయసులో నాకు కాకిని మేపే పని పెట్టినారేట్రా" అంది అప్ప. "దినకార్యాలకి ముందే పిలిసినట్టుంది."

పైకెత్తుకు 39 రోజులు
ఆట 140 గ్రాములు. ఎడమ చెయ్యి 7 లెక్క.

ఇంటికి కొత్త వస్తువొస్తే చెక్కుడు చెయ్యడం మా ఆచారం. అంటే దానికి అక్కర్లేని బరువు తీసెయ్యడం. మా పప్పు గరిటెకి కాడ నిండా చిల్లులే. దువ్వెనకి ఒకటి విడిచి ఒకటి పళ్ళు పీకేశాం, నా జుట్టుకి అవి చాలు. చెక్కిన పొట్టు పిట్టగోడ మీంచి కిందికి పోసి "దిగింది" అనాలి. ఇంట్లోవాళ్ళందరూ "దిగింది దిగింది" అనాలి. శుభం.

నేను ఈ ఊరికి తాళ్ళ గిలకలు బాగుచేసినవాణ్ణి. నలభై ఏళ్ళు గ్రీజులో మునిగిన చేతులు. ఆటని విప్పి, వెనక రేకు పీకేసి, మూలలు ఆకురాయితో అరగదీసి, లోపలి కడ్డీలకు చిల్లులు వేశాను. డెబ్భై గ్రాములు దించాను! కాగితం పడవలా తయారైంది. గర్వంగా అప్ప చేతిలో పెట్టాను.

ఏడు లెక్కకే జారింది. తరవాత ఐదు, ఆరు, మళ్ళీ ఐదు.

"ఉందో లేదో తెలీట్లేదురా" అంది.

గదిలో చీకటి వల్ల అనుకున్నాను. బూరల నీడలో మాకు మిట్టమధ్యాహ్నం కూడా దీపాలవేళలా ఉంటుంది. ఆ తెరకి సొంత వెలుతురు లేదు. రేపు దీపం పెడతాను.

పైకెత్తుకు 35 రోజులు
ఆట 850 గ్రాములు. ఎడమ చెయ్యి 19 లెక్క.

దీపం తొంభై గ్రాములే. గిలకల పనికి వెళ్ళేటప్పుడు నెత్తిన పెట్టుకునేదాన్ని ఆట నెత్తిన పెట్టాను. కానీ దీపానికి బ్యాటరీ కావాలి కదా. ఆట లోపలి బ్యాటరీ ఆ కాకికే చాలదు. అందుకని వెనక ఒక బ్యాటరీ పెట్టె బిగించాను. ఆరువందల ఇరవై. ఆ మాట రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

అప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిన్న ఇది నా రొంటిలో దోపుకుంటే దోపుకున్నట్టే తెలీలేదు. ఇప్పుడు దోపితే చీర ఊడిపోద్ది."

"దోపుకోవద్దప్పా, పట్టుకో."

పట్టుకుంది. పందొమ్మిది. కాకి మూడు గింజలు తింది. దీపం మహిమ అని రాసుకున్నాను.

పైకెత్తుకు 31 రోజులు
ఆట 1,310 గ్రాములు. ఎడమ చెయ్యి 26 లెక్క.

దీపం పెట్టాక తెలిసింది, అప్పకి చీకటి ఒక్కటే కాదు, చూపూ సమస్యే. తెర ముందు భూతద్దం బిగించాను, మూడువందలు. భూతద్దం మీద దీపం వెలుగు పడి కళ్ళు జిగేల్మన్నాయి. దానికి రేకుతో గొడుగులాంటిది చేశాను, నూట అరవై. ఒక్కొక్క వైద్యం ఒక్కొక్క రోగాన్ని వెంటబెట్టుకు వస్తోంది.

నాకు బడి లేదు. నాకు తెలిసిందంతా ఒక్క పుస్తకం చెప్పింది. పాత విజ్ఞాన సర్వస్వం, మొదటి సంపుటం, 1,980 గ్రాములు. నా తొమ్మిది కిలోల్లో అయిదో వంతు దానికే పోతుంది. ఈ ఊళ్ళో తలకి తొమ్మిదే కదా, బట్టలు కాక. అందరూ నవ్వుతారు. నవ్వనీ. 'అ' నుంచి 'చ' దాకా నన్నేమైనా అడగండి. అంతరిక్షం, ఆముదం, ఏనుగు, కంగారూ, గబ్బిలం. చివరి పేజీలు చిరిగిపోయాయి, 'చెమట' దగ్గర ఆగిపోతుంది. అప్పకి చెయ్యి పడిపోయిన రోజు 'చెయ్యి' గురించి చదువుదామని తీశాను. చెమట తరవాత అదే ఉండాలి. అట్ట ఉంది.

నా అజ్ఞానానికి సరిహద్దు అంత కచ్చితంగా ఎప్పుడూ కనిపించలేదు.

పైకెత్తుకు 27 రోజులు
ఆట స్టాండు మీద. ఎడమ చెయ్యి: లెక్క లేదు.

ఆట బరువెక్కిందని దానికి స్టాండు చేశాను. మూడుకాళ్ళది. అప్ప హాయిగా కూర్చుని బొటనవేళ్ళతో ఆడింది. కాకి నలభై గింజలు తిని లావెక్కినట్టు కూడా అనిపించింది. మంచి పని చేశానని మిమ్మల్ని పిలిచాను.

మీరు వచ్చి చూశారు. మీరన్న మాటే రాస్తున్నాను: "సన్యాసిరావుగారూ, నేను కాకికి వైద్యం చెయ్యట్లేదు."

స్టాండు తీసేశాను. అది ఇప్పుడు మా ఇంట్లో కూరల బుట్టని మోస్తోంది.

పైకెత్తుకు 24 రోజులు
ఆట 2,640 గ్రాములు. ఎడమ చెయ్యి 48 లెక్క.

ఎడమ బొటనవేలికి మీట దొరకడం లేదని అప్ప గొడవ. గరిటె కాడంత పొడుగు మీట చేశాను, రెండువందల నలభై. దాంతో ఆట ఎడమకి ఒరిగింది. కుడివైపు అంతే బరువు ఇనుపముక్క వేశాను. మరో రెండువందల నలభై. ఈ ఊళ్ళో ఒట్టి బరువు కోసం ఇనుము బిగించిన మొదటి మనిషిని నేనే అనుకుంటాను. మా నాన్న బతికుంటే నన్ను పిట్టగోడ మీంచి పోసి "దిగింది" అనేవాడు.

ఆపైన స్పీకరు. గింజ తిన్నప్పుడు కాకి 'కా' అంటుంది, అది అప్పకి వినపడదు. వినపడకపోతే తిందో లేదో తెలియదు. తెలియకపోతే కాకిని తిడుతుంది. ఎనిమిదివందల యాభై.

ఇప్పుడు అది ఆటలా లేదు. పొయ్యికీ కుట్టుమిషనుకీ పుట్టినట్టుంది. ఒంటిచేత్తో లేవదు. రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని ఎత్తాలి.

అప్ప ఎత్తింది. నలభై ఎనిమిది లెక్క దాకా ఆడింది. కాకి 'కా' అన్నప్పుడల్లా పక్కగది కాసులమ్మ గోడ కొట్టింది.

"ఏటి పిన్నీ, ఇంట్లో పిండం పెట్టినారా?"

"నీ మొగుడికే పెట్టినాం, వొచ్చి తిని పొమ్మను!" అని అప్ప కేక. చెయ్యి పడిపోయాక ఆమె గొంతు అంత గట్టిగా వినడం ఇదే మొదలు.

పైకెత్తుకు 18 రోజులు
ఆట 2,640 గ్రాములు. ఎడమ చెయ్యి 61 లెక్క.

అప్ప ఇప్పుడు దాన్ని ఎక్కడికి వెళ్ళినా మోసుకెళ్తోంది. నీళ్ళ వరసలోకీ మోసుకెళ్ళింది. అక్కడ నిలబడితే గంట పడుతుంది, ఊరికే నిలబడి ఏం చెయ్యాలంటుంది. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఆడుతూ ముందుకు జరుగుతుంటే, ఆడవాళ్ళంతా భూతద్దంలోకి తలలు పెట్టారు. "ఎడంపక్క పిన్నీ, ఎడంపక్క గింజ!" అని కాసులమ్మే అరిచింది. గోడ కొట్టిన కాసులమ్మ.

అక్కడే తూకాల జగ్గారావు కంటపడ్డాం. ఊరి తూకందారు. చెడ్డవాడు కాదు. కాని అతని కళ్ళు మనిషిని చూడవు, మనిషి చేతిలోది చూస్తాయి.

"అత్తా, ఏటిది? పొయ్యా?"

"కాకి."

"కాకి ఎంతుంటాది?"

నేను చెప్పాను. అబద్ధం చెప్పొచ్చు, కానీ తూకందారుకి బరువు అబద్ధం చెప్పినవాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

జగ్గారావు చీటీల కట్ట తిప్పాడు. "అత్తది ఎనిమిది కిలోల నాలుగొందలు ఎక్కేసింది. ఆరొందలే ఖాళీ. రెండు కిలోల నలభై ఎక్కువ. కత్తెర దించేద్దువా అత్తా? కిలో వందుంది అది."

"అది మా అమ్మ కత్తెర. దానికన్నా ముందు నిన్ను దించుతాను."

"నేను ఊరి బరువులో ఉన్నాను అత్తా, నన్ను దించలేవు" అన్నాడు జగ్గారావు, నవ్వకుండా. తరవాత నాతో పక్కకొచ్చి నెమ్మదిగా అన్నాడు. "మావా, తూకం రోజున నేను కళ్ళు మూసుకోలేను. ఒకరికి మూసుకుంటే నాలుగొందల మందికీ మూసుకోవాలి. అప్పుడు ఊరు లెగదు. ఈ లోపల తగ్గించెయ్యి."

అతని మాటలో తప్పు లేదు. అదే నా బాధ.

పైకెత్తుకు 13 రోజులు
ఆట 140 గ్రాములు. ఎడమ చెయ్యి 9 లెక్క.

అన్నీ విప్పేశాను. ఎలాగూ చెయ్యి బాగుపడింది కదా, ఇక ఈ సరంజామా ఎందుకనుకున్నాను. స్పీకరు, మీట, ఇనుపముక్క, గొడుగు, భూతద్దం, బ్యాటరీ పెట్టె, దీపం. బల్లమీద వరసగా పెడితే ఏడు వస్తువులు, ఒక సంసారం. చివరికి మళ్ళీ ఆ కాగితం పడవ మిగిలింది. వెలుతురు కోసం కిటికీ దగ్గర కూర్చోబెట్టి అప్ప చేతిలో పెట్టాను.

తొమ్మిది. ఆరు. ఎనిమిది. ఆరు.

అరవై దాటిన చెయ్యి ఒక్కరోజులో మళ్ళీ చచ్చిపోయింది. అప్ప ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని తిప్పి చూసుకుంది, వేరేవాళ్ళది ఎవరిదో తెచ్చి ఒళ్ళో పెట్టినట్టు.

"నన్ను కిందికే దించుతారురా, సన్నాసీ."

"దించరు. దించితే నేనూ దిగుతాను."

"నువ్వు దిగితే గిలకలు ఆగినప్పుడు ఎవరు సూత్తారు? పెద్ద మాటలు మాటాడకు. అన్నం పెట్టు."

అన్నం పెట్టాను. ఇద్దరం సరిగా తినలేదు.

పైకెత్తుకు 12 రోజులు
ఆట 140 గ్రాములు. ఎడమ చెయ్యి 8 లెక్క.

ఉదయమే మీ దగ్గరికి ఈ చీటీలు పట్టుకొచ్చాను. మీరు చదవడం మొదలుపెట్టారు. రెండు వాక్యాలు అడిగితే ఇన్ని చీటీలా అని కోప్పడతారనుకున్నాను. మొదట నవ్వారు కూడా, కంగారూ దగ్గర. తరవాత నవ్వు ఆగిపోయింది. పెన్సిలు తీసి ఒక్కొక్క చీటీ నెత్తి మీద రెండు అంకెలకి సున్నా చుట్టారు.

"బరువు రాయమని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా. అలవాటు."

"చూడండి. రెండువందల పదికి పన్నెండు. నూటనలభైకి ఏడు. ఎనిమిదివందల యాభైకి పందొమ్మిది. పదమూడువందలకి ఇరవయ్యారు. రెండువేల ఆరువందలకి నలభై ఎనిమిది, అరవై ఒకటి. మళ్ళీ నూటనలభైకి తొమ్మిది."

నేను చూశాను. ముప్ఫై రోజులుగా నా చేత్తో నేనే రాస్తూ చూడని అంకెలు.

"దీపం కాదు, అద్దం కాదు" అన్నారు మీరు. "బరువు. ఆమె చేతికి తాకినది తెలియడం లేదు. లాగితేనే తెలుస్తోంది. నేనూ ఈ ఊరికొచ్చి అన్నీ తేలికవే ఇస్తూ వచ్చాను. తేలిక బంతి, తేలిక కర్ర. ఆమె చెయ్యి బలహీనం కాలేదు సన్యాసిరావుగారూ, దానికి కబురు అందడం లేదు."

దారిపొడుగునా ఆ అంకెలే మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ ఇంటికొచ్చాను. తరతరాలుగా ప్రతిదీ చెక్కి చెక్కి "దిగింది" అంటూ వచ్చాం. మా గరిటెలు, మా దువ్వెనలు, మా పట్టుతాళ్ళు, అన్నీ ఈకలే. ఆరోగ్యంగా ఉన్న చేతికి అది వరం. మా అప్ప చేతికి మాత్రం ఊరంతా మాయమైపోయింది. ఆమెకి పట్టుకోవడం రాక కాదు, మేం పట్టుకోవడానికేమీ మిగల్చలేదు.

అప్పకి చెప్పాను. ఆమె బల్లమీది ఏడు వస్తువుల వైపు చూసింది.

"మరి బిగించవేం? శుభలేఖ పంపాలా?"

పైకెత్తుకు 8 రోజులు
ఆట 2,640 గ్రాములు. ఎడమ చెయ్యి 83 లెక్క.

ఎనభై మూడు! కాకి ఎన్ని గింజలు తిందో లెక్కపెట్టడం మానేశాం. ఇప్పుడు మాకు కాకి కాదు ముఖ్యం, అప్ప మాత్రం ఒప్పుకోదు. "పాపం దాని నోరెందుకు కొట్టడం" అంటుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. తూకం రోజున ఒక్కొక్క చేత్తో వంద లెక్క పట్టుతాడు పట్టే పరీక్షకీ, మేఘాల పొరకీ ఆమె చేతిలో ఈ బరువు ఉండాలి. ఈ బరువేమో ఊరు ఎక్కనివ్వదు. రెండు కిలోల నలభై ఎక్కువ. ఒకే గదిలో ఉన్నవాళ్ళు ఒకరి మోతలో ఒకరు సర్దుకోవచ్చు, అది రూలే. నా తొమ్మిది కిలోలూ తీసి గచ్చు మీద పరిచాను. పనిముట్లు దించలేను, గిలక ఆగితే ఊరు ఆగుతుంది. చిల్లుల గరిటె దించినా ఏం లాభం, దానికి బరువే లేదు.

పుస్తకం మిగిలింది. 1,980. ఇంకా అరవై కావాలి. ఈ చీటీల కట్టని తూచాను. సరిగ్గా అరవై. తూచి నాకు నవ్వొచ్చింది, తరవాత రాలేదు.

సరే. రెండూ కింద వదిలేస్తాను. షెడ్ల దగ్గర ఒక ఇనప్పెట్టె ఉంది, అందులో పెడితే నాలుగు నెలలు ఉంటాయో చెదలు తింటాయో. అంతరిక్షం నుంచి గబ్బిలం దాకా నా బుర్రలో ఉన్నాయి కదా అనుకున్నాను. తీరా అనుకుంటే 'ఆముదం' దగ్గర రెండో పేరా గుర్తు రాలేదు. మళ్ళీ చదివాను. మళ్ళీ చదివానని అప్ప చూసింది.

పైకెత్తుకు 1 రోజు. తూకం.

ఇవాళ్టి అంకెలు చివర్లో రాస్తాను. వరసలో చెప్పాలి.

తూకం వేదిక దగ్గర ఊరంతా వరసలో ఉంది. జగ్గారావు కాటా ముందు నిలబడ్డాడు. మీరు పక్కనే ఉన్నారు డాక్టరమ్మా, అయినా రాస్తాను, ఎందుకంటే నేను చూసింది మీరు చూసి ఉండకపోవచ్చు.

ముందు పట్టు పరీక్ష. అప్ప కుడిచెయ్యి వంద లెక్క అవలీలగా పట్టింది. ఎడమచేత్తో పట్టుతాడు పట్టింది. మా పట్టుతాడు సంగతి తెలిసిందే, నూలుపోగుకి అన్నగారు. ముప్ఫై ఒకటికి వేళ్ళు విడిపోయాయి. విడిపోయాయని ఆమె నా ముఖం చూసి తెలుసుకుంది.

"మూడు సార్లుంటాయి అత్తా" అన్నాడు జగ్గారావు మెత్తగా. "తొందరేం లేదు."

నేను ముందుకెళ్ళి నా పుస్తకాన్నీ చీటీల కట్టనీ నేలమీద పెట్టాను. "ఇవి దించేస్తున్నాను. వీటి బదులు అప్ప ఆటని మొత్తంగా ఎక్కనియ్యి. అది చేతిలో ఉంటే పట్టుకుంటుంది. డాక్టరమ్మ చెబుతుంది."

మీరు అంకెలు చూపించారు. జగ్గారావు చీటీలు చదివాడు. అంకెలంటే అతనికి గౌరవం. తల ఊపాడు.

అప్పుడు అప్ప నేలమీది పుస్తకాన్ని చూసింది. నన్ను చూసింది.

"ఒరే సన్నాసీ. ఈ పుస్తకం ఎంత?"

"వెయ్యిన్నీ తొమ్మిదివందల ఎనభై."

"కాయితాలు?"

"అరవై."

"ఆ దీపం, బ్యాటరీ, గరిటె కాడ, ఇనపముక్క, స్పీకరు కలిపి?"

నేను మనసులో కూడాను. పుస్తకం, కాయితాలు కలిపినా, ఆ అయిదూ కలిపినా ఒక్కటే. రెండువేల నలభై.

"నలభై ఏళ్ళు ఈ పుస్తకం ఎందుకు మోస్తన్నావురా అని తిట్టినాను" అంది అప్ప. "ఇప్పుడు అది దించి, దాని బదులు ఇనుం ఎక్కిస్తావా? నా సెయ్యికి సదువొచ్చా? దానికి బరువు గావాల గానీ ఏ బరువైతే ఏటి! పుస్తకాన్నే సంచిలో ఏసి నా సేతికియ్యి."

జగ్గారావు గొంతు సవరించుకున్నాడు. "అత్తా, పట్టుతాడే పట్టుకోవాలని రూలు..."

"పట్టుకోమన్నారు. తేలిగ్గా పట్టుకోమన్నారా?"

జగ్గారావు చీటీల కట్ట కింద పెట్టాడు. తూకందారుకి తగని పని ఒకటి చేశాడు. తన మోతలో లెక్కేసుకున్న గోనెసంచి తెచ్చిచ్చాడు.

సంచిలో పుస్తకం, చీటీలు వేశాం. పైన ఆట, భూతద్దం, గొడుగు. మిగతా అయిదూ విప్పి నేలమీద పెట్టాను. పైకెక్కాక తాళ్ళు వదులు చేస్తే గదులు బూరల నీడ దాటి వేలాడతాయి, ఎండ పక్కనుంచి వస్తుంది. అక్కడ కాకికి దీపం అక్కర్లేదు. కాకి 'కా' అనడం వినపడదు నిజమే. ఆ పని నేను చేస్తానన్నాను.

అప్ప మోచేతిని మోకాలికి ఆనించి, పట్టుతాడునీ సంచి పిడినీ కలిపి ఎడమ గుప్పిట్లో పట్టుకుంది. సంచి కిందికి లాగింది. ఆమె ముఖంలో ఏదో కదిలింది, చాలా రోజులకి తలుపు తట్టిన చప్పుడు విన్నట్టు.

"ఉంది" అంది.

జగ్గారావు లెక్కపెట్టాడు. ముప్ఫై ఒకటి దాటింది. యాభై. వరసలోవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. డెబ్భై దగ్గర గుప్పిట కొంచెం సడలింది. కాసులమ్మ "ఎడంపక్క పిన్నీ, ఎడంపక్క!" అని అరిచింది, ఇంకేం అనాలో తెలియక. తొంభై. వంద. జగ్గారావు ఆగలేదు. నూట ఒకటి, నూట రెండు. నూట ఇరవై దాకా పోయాడు.

"ఒరే, ఇంకెంతసేపురా!" అని అప్ప అరిస్తే అప్పుడు ఆపాడు.

ఎప్పుడూ ఒక్క గ్రాము ఎక్కువ లెక్కపెట్టని మనిషి.

చీటీ మీద రాశాడు: పైడితల్లి, రెండు చేతులు, ఎక్కవచ్చు. కింద వదిలే వస్తువుల చోట నా చేత రాయించాడు: దీపం ఒకటి, బ్యాటరీ పెట్టె ఒకటి, మీట ఒకటి, ఇనుపముక్క ఒకటి, స్పీకరు ఒకటి. ఎవరైనా "దిగింది" అంటారని చూశాను. ఎవరూ అనలేదు. జగ్గారావు వాటిని గుడ్డలో చుట్టి ఇనప్పెట్టెలో తనే పెట్టాడు. వచ్చే శీతాకాలానికి కావాలి కదా అన్నాడు.

ఇవాళ్టి అంకెలు: సంచి 2,640 గ్రాములు. ఎడమ చెయ్యి 120 లెక్క.

పైకెత్తు
సంచి 2,640 గ్రాములు. ఎడమ చెయ్యి 412 లెక్క.

డాక్టరమ్మా, మీరడిగిన రెండు వాక్యాలు. మేఘాల పొర దాటేదాకా అప్ప వదల్లేదు. దాటిపోయాం, ఇక చాలు, వదిలెయ్యప్పా అని నేను చెప్పినా వదల్లేదు.